డైకిరీ మూడుసార్లు చేశా, మూడుసార్లూ సింకుకే పోయింది

ఉత్తచేతులు
పోయిన నెల ఒక పార్టీలో ఎవరో డైకిరీ అనే కాక్‌టెయిల్ చేసిచ్చారు. చిన్న గ్లాసు, పైన గొడుగులూ పండ్ల ముక్కలూ ఏమీ లేవు. ఒక గుక్క తాగి ఆగిపోయా. రమ్ము ఇలా కూడా ఉంటుందా అనిపించింది. ఇంటికొచ్చి వెతికితే అందులో ఉన్నవి మూడే: తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార. ఇంతే కదా, మనం చేసుకోలేమా అనుకున్నా.

చేసుకోలేకపోయా. మొదటిసారి పళ్లు పులిసిపోయాయి. రెండోసారి పంచదార పెంచితే అది కరక్కుండా అడుగున ఇసుకలా కూర్చుంది. మూడోసారి ఏమైందో అర్థం కాలేదు, రమ్ము సీసా కడిగిన నీళ్లలా ఉంది. ఈలోపు ఉత్సాహం ఆపుకోలేక జిన్ను ఒకటి, విస్కీ ఒకటి కూడా కొనేశా. మూడు వస్తువులకి ఇన్ని తిప్పలేంటి? ఏదైనా రహస్యం ఉందా, లేక నా చేతిలోనే దోషం ఉందా?

రాత్రిబండి
మీ సింకుని చూస్తే కుళ్లు పుడుతోంది.

కొలతలక్క
రమ్ము ఎంత, రసం ఎంత, పంచదార ఎంత? అంకెలు చెప్పు తమ్ముడూ.

ఉత్తచేతులు
రమ్ము ఒక పెగ్గు అక్కా. నిమ్మకాయ ఒకటి. పంచదార రెండు స్పూన్లు, రెండోసారి నాలుగు.

కొలతలక్క
నేనడిగిన అంకె ఇందులో ఒక్కటీ లేదు. పెగ్గు అంటే ఒకడికి 30, ఇంకొకడికి 60. ఒక నిమ్మకాయ పిండితే 15 ఎంఎల్ రావచ్చు, రసమున్న కాయైతే 30 కూడా వస్తుంది. స్పూను అంటే టీ స్పూనా, టేబుల్ స్పూనా? పది సామాన్లు పడే పంచ్‌లో అయితే 10 ఎంఎల్ అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. మూడే ఉన్నచోట 5 ఎంఎల్ రసం ఎక్కువైనా నాలుక పట్టేస్తుంది. నీకు మొదటిసారి జరిగింది అదే.

నేను వేసేది ఇంత: తెల్ల రమ్ము 60 ఎంఎల్, అప్పుడే పిండిన రసం 20, పంచదార సిరప్ 20. తీపి ఎక్కువనిపిస్తే సిరప్ 15కి తగ్గించు. సిరప్ అంటే భయపడకు. పంచదార, నీళ్లు సమాన తూకం తీసుకుని, పొయ్యి మీద పెట్టి కరిగేదాకా కలపడమే. పాకం రానివ్వకు, కరిగితే దించేయ్. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. లోపల మబ్బులా ఏదైనా తేలితే మొహమాటం లేకుండా పారబోయాలి. చల్లటి మద్యంలో పంచదార పలుకులు అంత తేలిగ్గా కరగవు, నీకు అడుగున ఇసుక తేలింది అందుకే.

కొలవడానికి జిగ్గర్ కొనేదాకా దగ్గు మందుతో వచ్చే గీతల కప్పు చాలు. బాగా కడుగు.

పాతసీసా
ఇంత తతంగం ఎందుకండీ. 30 ఏళ్లుగా రమ్ములో నిమ్మకాయ పిండుకుని, చిటికెడు పంచదార వేసుకుని తాగుతున్నాను. దానికో దొరల పేరు పెట్టి, గీతల కప్పుతో కొలిస్తే కాక్‌టెయిల్ అయిపోతుందా?

చేదుమందు
అది దొరల పేరు కాదు బాబాయ్, క్యూబాలో ఒక ఊరి పేరు. శాంటియాగో దగ్గర డైకిరీ అనే చోట ఇనుప గనులుండేవి. 1898 ప్రాంతంలో అక్కడ పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ డ్రింకు చేశాడని చెప్పుకుంటారు. కానీ మీరన్నదీ నిజమే. రమ్ము, నిమ్మ, పంచదార మూడూ దొరికేచోట వాటిని కలుపుకుని తాగడానికి జనం ఒక ఇంజనీరు వచ్చేదాకా ఆగలేదు. పేరు మాత్రం ఆయన ఖాతాలో పడింది.

పాతసీసా
అదీ లెక్క. నేనూ ఇంజనీరుని కాదు.

మంచుగడ్డ
అందరూ మొదటి రెండు గ్లాసుల దగ్గరే ఆగిపోయారు. నాకు మూడోది కావాలి. నీళ్లగా ఎందుకైంది? ఐస్ ఎంత వేశారు, దేంట్లో ఊపారు, ఎంతసేపు?

ఉత్తచేతులు
షేకర్ లేదు. ఆఫీసుకి నీళ్లు తీసుకెళ్లే స్టీలు ఫ్లాస్కులో ఊపా. ఐస్ ఎక్కువైతే నీళ్లయిపోతుందని నాలుగే ముక్కలు, అవి కూడా కాస్త మెత్తబడతాయని ముందే తీసి బయట పెట్టుంచా. బయట మంచు పట్టేదాకా ఊపాలని ఎక్కడో చదివా. ఎంత ఊపినా పట్టదే! నాలుగు నిమిషాలు ఊపుంటా, భుజాలు పడిపోయాయి. మూత తీస్తే లోపల గోలీ అంత ముక్క ఒకటి మిగిలింది.

రాత్రిబండి
ఆ ఫ్లాస్కు రెండు గోడలదా? చల్లనివి చల్లగా, వేడివి వేడిగా ఉంచేదా?

ఉత్తచేతులు
అవును, 12 గంటలు ఉంచుతుందని దాని మీదే

ఓ.

రాత్రిబండి
చల్లదనం బయటికి రాకూడదనే కదండీ దాన్ని చేసింది. తెల్లారేదాకా ఊపినా మంచు పట్టదు.

సగంనిమ్మ
మీటింగులో మ్యూట్‌లో ఉండి చదివా. మ్యూట్‌లో లేనని తర్వాత తెలిసింది.

మంచుగడ్డ
నవ్వులయ్యాయి కాబట్టి అసలు సంగతికొస్తా. ఐస్ తక్కువ వేస్తే నీళ్లు తక్కువ చేరతాయనే పొరపాటు అందరూ చేసేదే, నేనూ ఏడాది పాటు చేశా. డ్రింకుని చల్లబరిచేది ఐస్ కరగడమే. కరగకుండా చల్లబరచమంటే కుదరదు. నాలుగు ముక్కలు వేస్తే ఆ నాలుగూ కరిగిపోతాయి, డ్రింకు మాత్రం సగం చల్లబడి ఊరుకుంటుంది. మూడొంతులు ఐస్ నింపితే పది పన్నెండు సెకన్లలో పని అయిపోతుంది. సున్నా డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. ఐస్‌క్రీమ్ చేసేవాళ్లు ఐస్‌లో ఉప్పు ఎందుకు వేస్తారో, ఇక్కడ ఆల్కహాల్ ఆ పనే చేస్తుంది.

మరో సంగతి, నీళ్లు చేరడం తప్పు కాదు. అవి రెసిపీలో రాయని నాలుగో వస్తువు. 100 ఎంఎల్ పోసి ఊపితే బయటికి సుమారు 130 వస్తుంది. నమ్మకపోతే అన్నీ ఫ్రీజర్‌లో పెట్టి, ఐస్ లేకుండా కలిపి చూడండి. చల్లగానే ఉంటుంది, గొంతు దిగదు.

ఐస్ ఫ్రీజర్‌లోంచి నేరుగా షేకర్‌లో పడాలి. బయట పెట్టుంచితే ముక్కల చుట్టూ చేరిన తడి మీ డ్రింకులో నీళ్లు పెంచడానికే తప్ప చల్లబరచడానికి పెద్దగా పనికిరాదు.

ఎప్పుడు ఆపాలో చెవి చెప్తుంది. మొదట ముక్కలు గోడలకి టకటకా కొట్టుకుంటాయి. అంచులు అరిగేకొద్దీ ఆ టకటక మెత్తబడి, తడి ఇసుకలో గులకరాళ్లు కదిలినట్టు ఉంటుంది. ఒకే గోడున్న స్టీలు షేకరైతే ఆపాటికి వేళ్లు అతుక్కుపోతున్నట్టు చురుక్కుమంటాయి. అక్కడ ఆపేయండి.

ఉత్తచేతులు
ఇది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించా. అయితే షేకర్ కొనాల్సిందేనా?

రాత్రిబండి
మూత గట్టిగా పట్టే మందపాటి గాజు సీసా ఉంటే చాలు. షేకర్ కొంటే మాత్రం మూడు ముక్కల కాబ్లర్ షేకర్ కొనేముందు నా కథ వినండి. లోపల చల్లబడేసరికి గాలి కుంచించుకుపోతుంది, మూత లోపలికి లాక్కుంటుంది. చుట్టాల ముందు స్టైలుగా ఊపి, మూత తీయబోతే రాలేదు. నేను పట్టుకుంటే బావమరిది లాగాడు. చివరికి వేడి నీళ్ల కింద పెడితే వచ్చింది, ఆ రోజు అందరూ గోరువెచ్చని మార్గరీటా తాగారు. ఇప్పుడు రెండు కప్పుల బోస్టన్ షేకర్ వాడుతున్నా. పక్కన అరచేత్తో ఒక్కటిస్తే ఊడొస్తుంది.

సగంనిమ్మ
నాదో సందేహం. రెసిపీల్లో ఒకచోట లైమ్ అంటారు, ఇంకోచోట లెమన్ అంటారు. మనం రెండిటినీ నిమ్మకాయనే అంటాం కదా. తేడా ఉంటుందా?

కొలతలక్క
ఉంటుంది. లైమ్ అంటే చిన్న ఆకుపచ్చ కాయ, లెమన్ అంటే పెద్ద పసుపుపచ్చ కాయ. పులుపు రెండిట్లో ఇంచుమించు ఒకటే, వాసన వేరు. డైకిరీ, మార్గరీటా, గిమ్లెట్ చిన్నదానివి. విస్కీ సార్, సైడ్‌కార్, టామ్ కాలిన్స్ పెద్దదానివి. చేతిలో ఉన్నదే వాడినా ఎవరూ జైల్లో వేయరు, కానీ రుచి వేరుగా ఉంటుంది.

సీసాల్లో అమ్మే రసం మాత్రం వద్దు. ఉడికిన వాసనొస్తుంది. పిండిన రసం ఆ రోజే వాడేయాలి.

మంచుగడ్డ
చిన్న అభ్యంతరం. పిండి నాలుగు గంటలైన రసమే బాగుంటుందనే బార్‌టెండర్లు కూడా ఉన్నారు.

కొలతలక్క
వాళ్లు బారు తెరవడానికి నాలుగు గంటల ముందే పిండుతారు కాబట్టి!

మంచుగడ్డ
హహ, ఇది నేను ఆలోచించలేదు.

ఉత్తచేతులు
జిన్ను, విస్కీ ఊరికే పడున్నాయి. వాటికోసం ఇంకేం కొనాలి? ఒక లిస్టు చూస్తే 14 సీసాలున్నాయి. అందులో నీలం రంగుది కూడా ఒకటి ఉంది, అందంగా ఉంది.

సగంనిమ్మ
నీలం సీసా వద్దు. నాది ఆరేళ్లుగా అలమరలో ఉంది, ఫొటోల్లో మాత్రం బాగా పడుతుంది.

కొలతలక్క
ఏమీ కొనకు. నువ్వు చేసిన డైకిరీ ఒక డ్రింకు కాదు, ఒక లెక్క: మద్యం, పులుపు, తీపి. రమ్ము తీసి జిన్ను పెడితే గిమ్లెట్. విస్కీ పెట్టి పెద్ద నిమ్మ పిండితే విస్కీ సార్. జిన్ను, పెద్ద నిమ్మ, సిరప్ కలిపి పొడవు గ్లాసులో సోడా పోస్తే టామ్ కాలిన్స్. ఇప్పటికే నీ ఇంట్లో నాలుగు డ్రింకులున్నాయి. అవి కుదిరాక నారింజ రుచితో తియ్యగా ఉండే ఆరెంజ్ లిక్కర్ ఒక్కటి తెచ్చుకో. సిరప్ బదులు అది పోసి, టకీలాతో చేస్తే మార్గరీటా, కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీతో చేస్తే సైడ్‌కార్. కొత్త సీసా కొనేముందు పాత లెక్కలో ఏది మారుతోందో చూసుకో, సగం సీసాలు అక్కర్లేదని తెలుస్తుంది.

చేదుమందు
గిమ్లెట్ విషయంలో ఒప్పుకోను. అసలు గిమ్లెట్‌కి పడేది తాజా రసం కాదు, లైమ్ కార్డియల్. స్కర్వీ రాకుండా ఓడల్లో నిమ్మరసం ఇచ్చేవారు. ఆల్కహాల్ లేకుండా, పంచదారతో ఆ రసాన్ని నిలవచేసే పద్ధతికి లాక్లన్ రోజ్ 1867లో పేటెంట్ తీసుకున్నాడు. జిన్నులో ఆ కార్డియల్ పోస్తేనే గిమ్లెట్. తాజా రసంతో చేసింది జిన్ను డైకిరీ.

కొలతలక్క
పేరు నువ్వే ఉంచుకో, గ్లాసు నాకివ్వు.

చేదుమందు
:) సరే, విస్కీ సంగతి నేను చెప్తా. ఒకే ఒక్క చిన్న సీసా కొనండి, బిట్టర్స్. మూలికలు ఊరబెట్టిన చేదు మద్యం, చుక్కల్లెక్కన వేసేది. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో వచ్చే ఒక పత్రికలో, కాక్‌టెయిల్ అంటే ఏంటని పాఠకుడు అడిగితే ఇచ్చిన జవాబు: ఏదో ఒక మద్యం, పంచదార, నీళ్లు, బిట్టర్స్. అంటే నిమ్మరసం పడిన మన డైకిరీ ఆ లెక్కన కాక్‌టెయిలే కాదు! తర్వాత తర్వాత బార్లలో రకరకాల హంగులు చేరేసరికి, పాత పద్ధతిలోదే ఇమ్మని అడిగేవాళ్లకి ఇచ్చినదే ఓల్డ్ ఫ్యాషన్డ్ అయింది.

విస్కీ 60 ఎంఎల్, సిరప్ ఒక టీ స్పూను, బిట్టర్స్ రెండు విదిలింపులు. గ్లాసులో పెద్ద ఐస్ ముక్కలు వేసి అర నిమిషం గరిటతో తిప్పండి. బొటనవేలంత నారింజ తొక్క కోసి, రంగున్న వైపు గ్లాసు మీదికి తిప్పి మడవండి. సన్నటి నూనె తుంపర పడుతుంది, వెలుతురుకి ఎదురుగా చేస్తే కంటికి కూడా కనిపిస్తుంది. తొక్క లోపలి తెల్లటి పొర పలచగా ఉండాలి, అది చేదు. బిట్టర్స్ చేదు వేరు, ఈ చేదు వేరు.

అంగోస్తురా బిట్టర్స్ కూడా మొదట కడుపునొప్పి మందే. వెనిజులాలోని అంగోస్తురా పట్టణంలో సీగర్ట్ అనే జర్మన్ సైనిక వైద్యుడు 1824లో తయారుచేశాడు.

పాతసీసా
మందుని మందు అనడానికి ఆధారం దొరికింది. ప్రింటు తీసుకుంటా.

ఉత్తచేతులు
విస్కీని ఊపకూడదా మరి?

మంచుగడ్డ
రసం, గుడ్డు, పాలు పడితే ఊపాలి. అంతా మద్యమే అయితే తిప్పాలి. ఊపితే గాలి బుడగలు చేరి మసకబారుతుంది. డైకిరీకి ఆ నురగ అందం, ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి కాదు. తిప్పితే గాజులా తేటగా, నాలుక మీద జారినట్టు ఉంటుంది.

రాత్రిబండి
తిప్పే డ్రింకుల మాట వచ్చింది కాబట్టి నా రెండో పరువు కూడా తీసుకుంటా. నెగ్రోని మీద పిచ్చి పట్టింది. జిన్ను, కాంపారీ అనే ఎర్రటి చేదు లిక్కర్, స్వీట్ వెర్మూత్, మూడూ 30 ఎంఎల్ చొప్పున. చిన్నపిల్లాడికి కూడా గుర్తుంటుంది. మొదటి నెల అదిరింది. తర్వాత రోజురోజుకీ పాత అట్టపెట్టె నాకినట్టు ఉండేది. జిన్ను మార్చా, నారింజ మార్చా, గ్లాసు కూడా మార్చా. ఎనిమిది నెలల తర్వాత తెలిసింది, వెర్మూత్ అంటే వైన్ అని! అలమరలో, పొయ్యి పక్కన పెట్టుంచా.

చేదుమందు
అమ్మో. మూలికలు వేసి, కాస్త మద్యం కలిపి గట్టిపరిచిన వైనే అది, 16 నుంచి 18 శాతం ఉంటుంది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒకటి రెండు నెలల్లో అవగొట్టాలి. సగం సైజు సీసాలు దొరుకుతాయి, అవే కొనాలి.

రాత్రిబండి
ఇప్పుడు ఫ్రిజ్‌లోనే ఉంది. మా అమ్మ రెండుసార్లు వెనిగర్ అనుకుంది.

సగంనిమ్మ
నెగ్రోని అంటే 1919లో ఫ్లోరెన్స్‌లో కామిల్లో నెగ్రోని అనే కౌంట్, కాంపారీ, వెర్మూత్, సోడా కలిపే అమెరికానో అనే డ్రింకులో సోడా బదులు జిన్ను పోయమని అడిగితే పుట్టింది కదా?

చేదుమందు
కథ అదే. కౌంట్ గారి మీద వాదనలున్నాయి, మొదలుపెడితే ఈ త్రెడ్ రెండు ముక్కలవుతుంది. కథ ఎలా ఉన్నా జిన్ను తీసి విస్కీ పోసి చూడండి, అది బూలవార్డియే. నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఉత్తచేతులు
ఆగండాగండి, లాస్ట్ వర్డ్ అని ఇంకోటి చూశా. జిన్ను, నిమ్మరసం, గ్రీన్ షార్ట్రూజ్ అనే మూలికల లిక్కర్, మరాస్కీనో అనే చెర్రీ లిక్కర్ సమానంగా. నా దగ్గర జిన్ను ఉంది కదా…

కొలతలక్క
తమ్ముడూ. డైకిరీ.

మంచుగడ్డ
అది మంచిదే, తొందరలేదు. డెట్రాయిట్ అథ్లెటిక్ క్లబ్‌లో పుట్టి, తర్వాత అందరూ మర్చిపోయి, మళ్లీ ఈ శతాబ్దం మొదట్లో సియాటిల్‌లో మర్రీ స్టెన్సన్ అనే బార్‌టెండర్ మెనూలో పెట్టాక బయటికొచ్చింది. అంతకాలం ఆగిన డ్రింకు ఇంకో రెండు నెలలు ఆగుతుంది. షార్ట్రూజ్‌లో 130 మూలికలుంటాయి, ఫ్రాన్స్‌లో సన్యాసులు చేస్తారు. ముందు మీ మూడు వస్తువులు కుదరనివ్వండి.

చుక్కముట్టని
నేను తాగను, కానీ లెక్క నచ్చింది. రమ్ము బదులు చిక్కటి బ్లాక్ టీ చల్లార్చి 60 పోసి, మిగతావి అక్క చెప్పినట్టే వేసి ఊపా. టీలో వగరు ఉండటం వల్ల జ్యూసులా అనిపించలేదు, నిజంగా పెద్దవాళ్ల డ్రింకులా ఉంది. సిరప్ 15 చాలు.

కొలతలక్క
ఇది నేనూ చేస్తా. మంచి పని చేశావు.

తాగేవాళ్లకి ఒక మాట. 40 శాతం రమ్ము 60 ఎంఎల్ అంటే అచ్చంగా 24 ఎంఎల్ ఆల్కహాల్. పులుపు, తీపి కలిసేసరికి అది తెలియదు, మంచినీళ్లలా దిగిపోతుంది. బాగా కుదిరిన డైకిరీతో వచ్చే చిక్కు అదే. రెండోది కలిపేముందు కాసేపు కూర్చో. బండి తాళాలు ఇంకొకరి దగ్గరుంచు.

ఉత్తచేతులు
రిపోర్టు. గాజు సీసా, దగ్గు మందు కప్పు, 60–20–20. ఐస్ ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా నింపా. పన్నెండు లెక్కపెడుతూ ఊపా. ఎనిమిది దగ్గర చప్పుడు మారింది, నిజంగా మారింది! టీ వడకట్టే జాలీతో గ్లాసులోకి వంపా. పైన సన్నటి తెల్ల నురగ, చిన్న చిన్న ఐస్ పలుకులు. ఒక గుక్క తాగా. పార్టీలో తాగినదానికి ఒక మెట్టు కింద ఉందేమో, కానీ ఆ మెట్టు కనిపిస్తోంది. తీపి కొంచెం ఎక్కువనిపించింది. రెండోది 15తో చేద్దామని లేచేసరికి, రుచి చూస్తానని తీసుకున్న గ్లాసు మా ఆవిడ తిరిగివ్వలేదు. ఆమెకి 20 ఏ సరిపోయిందట.

రాత్రిబండి
మరి సింకు?

ఉత్తచేతులు
సీసా కడిగిన నీళ్లు పోశా. అలవాటు తప్పకూడదు కదా.

పాతసీసా
కుతూహలం కొద్దీ నేనూ గీతల కప్పు తీశా. 30 ఏళ్లుగా నేను "ఒక పెగ్గు" అనుకుని పోసుకుంటున్నది 85 ఎంఎల్ అట. మా ఇంట్లో ఎవరూ ఈ త్రెడ్ చదవరనే ధైర్యంతో రాస్తున్నా.